నీలి బట్టల ఆర్డర్లు ఎందుకు ఆపాను

ఏళ్లుగా నా దగ్గర కొంటున్న మీ అందరికీ నమస్కారం.

సయనోటైప్, అంటే ఎండతో నీలి ముద్ర తీసే పద్ధతిలో చేసే నీలి బట్టల కొత్త ఆర్డర్లు ప్రస్తుతానికి తీసుకోవడం లేదు. ఫ్రేము కట్టినవి, పెట్టెలో మడిచి పంపే స్కార్ఫులు, మీ ఇంటివాళ్ల పాత దుస్తుల మీద పాత ఫోటోలు ముద్రించి కుట్టే బొంతలు, అన్నీ ఆపేశాను. ఊలు అల్లికలు, ఇంకుతో ముద్రించే కాగితం ఫోటోలు ఎప్పటిలాగే దొరుకుతాయి. డబ్బు ముందే కట్టి, మబ్బులు విడిచి ఎండ వచ్చే దాకా ఓపిగ్గా ఎదురుచూసే మీకు "స్టాకు లేదు" అని ఒక్క ముక్క చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గత ఏడాది సగం నుంచి పంపినవాటిలో కొన్ని వెలిసిపోయాయి. మొదట చెప్పిన ఆవిడ తన స్కార్ఫు ఫోటో పంపి, "బహుశా నేనే సరిగ్గా దాచుకోలేదేమో" అని రాశారు. ఆ మాట చదివి చాలా బాధపడ్డాను. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా ఉతకలేదు, ఎండలో వేయలేదు. నేను పంపిన పెట్టెలోనే, నేను చుట్టిన టిష్యూ కాగితంలోనే ఉంచారు. తీసి చూస్తే మడత పొడవునా నీలం పోయి, పసుపు పచ్చని చార మిగిలింది. ఆ తర్వాత ఫ్రేముల్లో ఉన్నవాటి గురించి కూడా కబుర్లు వచ్చాయి. అక్కడ అట్టకు ఆనుకున్న అంచుల నుంచి లోపలికి వెలిశాయి. మీలో ఎవరి జాగ్రత్తలోనూ లోపం లేదు. బట్టలోనూ లేదు, ముద్రలోనూ లేదు. లోపమంతా వాటి పక్కన పెట్టిన కాగితంలో, అట్టలో ఉంది.

అదెలాగో అర్థం కావాలంటే ఈ నీలం ఎలా పుడుతుందో తెలియాలి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాదే వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ సముద్రపు నాచును నేరుగా కాగితం మీద పరిచి, ఎండలో ముద్రలు తీసి, పుస్తకంగా వెలువరించడం మొదలుపెట్టారు. నేనూ దాదాపు అలాగే చేస్తాను, కాగితం బదులు నూలు బట్ట మీద. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి మసక వెలుతురులో బట్టకు పట్టించి, చీకట్లో ఆరనిస్తాను. దాని మీద ఆకునో, ఫోటో నెగెటివ్‌నో పెట్టి ఎండలో ఉంచితే, అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ఇనుము మారి ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు తయారవుతుంది. నీళ్లలో జాడిస్తే వెలుతురు తగలని చోట ఉన్న మందు కరిగిపోయి బట్ట తెల్లగా బయటపడుతుంది. నీలం మాత్రం నీటిలో కరగదు, పోగుల్లోనే ఉండిపోతుంది.

ఈ నీలం కొద్దిపాటి ఆమ్లాన్ని తట్టుకుంటుంది గానీ క్షారాన్ని తట్టుకోలేదు. క్షారం తగిలితే ప్రష్యన్ బ్లూ విడిపోయి, ఇనుము తాలూకు తుప్పు రంగు మరక మిగులుతుంది. సోడాలో నానబెట్టవద్దని మీకు పంపే ప్రతి చీటీలో రాసేది అందుకే.

ఇప్పుడు అట్ట సంగతి. చెక్క గుజ్జు నుంచి తీసిన మామూలు కాగితం, అట్ట కాలం గడిచేకొద్దీ ఆమ్లం పుట్టించి, పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తాయి. అందుకని ఫోటోలు, పత్రాలు దాచడానికి ఆమ్లరహిత కాగితం వాడతారు. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఆమ్లం లేకుండా, దాదాపు తటస్థంగా ఉంటుంది. రెండోదానిలో ముందుముందు పుట్టే ఆమ్లాన్ని పీల్చుకోవడానికి కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, సాధారణంగా రెండు మూడు శాతం కలుపుతారు. ఈ రెండో రకం కాస్త క్షారం వైపు ఉంటుంది. ఉత్తరాలకు, పుస్తకాలకు, నూలు బట్టలకు అది మంచిదే. సయనోటైప్‌కు మాత్రం పనికిరాదు. గాలిలో కొంచెం తేమ ఉంటే చాలు, సుద్ద నెమ్మదిగా నీలాన్ని తినేస్తుంది. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో ఉండేది ఆమ్లరహితం అన్న మాటే. సుద్ద కలిసిందో లేదో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు.

నేను మొదటి నుంచీ ఒక వ్యాపారి దగ్గర సుద్ద కలపని రకమే కొంటున్నాను. ప్రతి ఆర్డరులో ఆ మాట విడిగా రాసి, సంతకం పెట్టి పంపాను. వచ్చిన ప్రతి కట్టలో పై షీటు మూలన తడిపి, ఆమ్లమో క్షారమో రంగు మారి చూపించే పీహెచ్ పట్టీతో పరీక్షించాకే పక్కన పెట్టాను. పై షీట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫిర్యాదులు వచ్చాక మిగిలిన కట్టలను అడుగు దాకా విప్పి, షీటు తర్వాత షీటు పరీక్షించాను. పైన కొన్ని పాత రకం. వాటి కింద అంతా సుద్ద కలిసినదే. లేబుల్ ఒకటే, రంగు ఒకటే, మందం ఒకటే. టిష్యూ కాగితంలోనూ అదే కథ. పాత సరుకు అయిపోతుంటే మిగిలిన షీట్లను పైన పేర్చి, కొత్తదాన్ని కింద పెట్టి కట్ట కట్టారు. ఇది పొరపాటున జరిగిందని నమ్మమంటే నేను నమ్మలేను. పొరపాటున కలిసినవి ఎక్కడబడితే అక్కడ ఉంటాయి, ప్రతి కట్టలోనూ పైనే ఉండవు.

ఆ వ్యాపారికి అన్నీ ఫోటోలతో సహా రాశాను. వచ్చిన జవాబు ఇంకా మనసులో ముల్లులా ఉంది. రెండూ ఆమ్లరహితమేనట. సుద్ద కలిసిన రకమే ధర ఎక్కువట, కాబట్టి నాకు లాభమే జరిగిందట. ఇంతవరకు వేరే ఎవరూ ఫిర్యాదు చేయలేదట. చివర్లో, సరదాకి చేసుకునేవాళ్లకు ఇంత పట్టింపు అవసరం లేదని ఒక సలహా. అవును, నాకు వేరే ఉద్యోగం ఉంది. ఈ పని సాయంత్రాలు, సెలవు రోజులు చేస్తాను. దానివల్ల ఒక తండ్రి చొక్కా మీద ఆయన ఫోటో వెలిసిపోతే ఫరవాలేదని ఎలా అవుతుంది? మీరు నాకు కట్టేది పూర్తి డబ్బు. నేను వాళ్లకు కట్టిందీ పూర్తి డబ్బే. అట్టల ఖరీదు మాత్రం వెనక్కి ఇస్తామన్నారు, అదీ విషయం ఇంతటితో ముగిసిందని సంతకం పెడితే. పెట్టలేదు. ఆ డబ్బు నాకు అక్కర్లేదు. వాళ్ల దగ్గర ఇక ఒక్క షీటు కూడా కొనను, రేపు సగం ధరకు ఇచ్చినా సరే.

ఇక్కడిదాకా తేలికే. నన్ను నిద్రపోనివ్వని విషయం వేరే.

ఈ సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు పాత కొనుగోలుదారులు మంచి మనసుతోనే ఒక మాట అడిగారు: ఇంత తొందరగా దెబ్బతినే నీలం ఎందుకు, డిజిటల్ యంత్రంతో బట్ట మీద ముద్రిస్తే సరిపోదా అని. ఒక ముద్రణ సంస్థ కూడా అదే సమయంలో నమూనా పంపింది. దాన్ని తక్కువచేసి మాట్లాడను. రియాక్టివ్ రంగులతో నూలు మీద ముద్రించి, ఆవిరి పట్టి, కడిగిన ముక్క అది. ఆ రంగు పోగుతో రసాయనికంగా బంధం ఏర్పరచుకుంటుంది, కాబట్టి సబ్బుకూ సోడాకూ లొంగదు. ముఖంలోని సన్న గీతలు కూడా నా ముద్ర కన్నా స్పష్టంగా వచ్చాయి. నేను వాడే నీలానికి దగ్గరి నీలమే కుదిర్చారు. దూరం నుంచి పక్కపక్కన పెట్టి చూస్తే ఇంట్లోవాళ్లు తేడా చెప్పలేకపోయారు. బొంత అంటే కప్పుకునేది, ఉతుక్కునేది. ఉతకడానికి భయపడాల్సిన బొంతను ఎవరికైనా ఎందుకు అమ్మాలి? ఈ ప్రశ్నకు నా దగ్గర చాలా రోజుల పాటు జవాబు లేదు. ఆర్డరు పత్రం నింపి కూడా పెట్టాను.

పంపకపోవడానికి కారణం ఒక చొక్కా. ఆ సంస్థ యంత్రానికి ముందే మందు పట్టించిన కొత్త బట్ట చుట్ట కావాలి. మీరు పంపే పాత దుస్తులు దానిలోకి వెళ్లవు. కాలరు అరిగిన చొక్కా, మోచేతి దగ్గర రఫ్ఫు చేసిన కుర్తా, బటన్ ఊడిన జేబు, ఇవి నా బల్ల మీదికి వస్తాయి, ఆ యంత్రం మీదికి రావు. యంత్రంతో చేస్తే ఫోటో బాగుంటుంది గానీ అది ఏదో ఒక బట్ట మీద ఉంటుంది. నాతో బొంత చేయించుకున్నవాళ్లు ఫోటో కోసం ఒక్కటే రాలేదు. ఆ మనిషి ఒంటి మీద ఉన్న బట్ట మీదే ఆ మనిషి ముఖం కావాలని వచ్చారు. ఆ నూలు మెత్తదనం కొత్త బట్టకు రాదు.

అందుకే నేను మారడం లేదు. దీన్ని మొండితనం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. వాషింగ్ మెషీన్‌లో వేసుకునే ఫోటో బొంత కావాలంటే దయచేసి డిజిటల్ ముద్రణకు వెళ్లండి. మంచి పని చేసేవాళ్లు ఉన్నారు, నేనేమీ నొచ్చుకోను. మీరు ఇచ్చిన అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాను. కానీ నా చేత ఆ పని చేయించవద్దు. ఒక్కటి మాత్రం మార్చాను: కప్పుకునే పెద్ద బొంతలు ఇక చేయను. గోడకు వేలాడదీసేవి, ఒడిలో వేసుకునే చిన్నవి మాత్రమే చేస్తాను, ఎందుకంటే వాటిని మాటిమాటికీ ఉతకాల్సిన పని ఉండదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పెట్టెలో ఉన్న నీలి బట్టలను ఈ రోజే బయటికి తీసి, ఆ టిష్యూ కాగితం పారేయండి. రంగు వేయని, గంజి పెట్టని, మంచినీళ్లలో బాగా జాడించి ఆరబెట్టిన పాత నూలు గుడ్డలో చుట్టండి. ఊలు శాలువాలు కూడా అదే టిష్యూలో వచ్చాయి. ఊలు, పట్టు కూడా క్షారాన్ని ఇష్టపడవు, కాబట్టి వాటి చుట్టూ ఉన్నదీ తీసేయండి. శాలువాలకు ఇప్పటికైతే ఏమీ కాలేదు. ఫ్రేములను మీరే విప్పవద్దు, అంచులు చిరుగుతాయి. తేమ పట్టే గోడ మీద ఉంటే తీసి పొడిగా ఉన్న చోట పెట్టి, నాకు పంపండి. రాకపోకల ఖర్చు నాదే.

వెలిసినట్టు అనుమానం ఉంటే కంగారు పడకుండా ఒక పని చేయండి. ఎండ ఎక్కువ తగిలినా ఈ నీలం పాలిపోతుంది, కానీ ఆ నష్టం తాత్కాలికం. గాలి తగిలే చీకటి చోట కొన్ని రోజులు ఉంచితే ఆక్సిజన్ వల్ల రంగు తిరిగి వస్తుంది. అలా తిరిగి వస్తే మీ బట్టకు ఏమీ కాలేదు, కిటికీకి కాస్త దూరంగా పెట్టుకోండి. రంగు రాకపోయినా, పసుపు చార కనిపించినా అది అట్ట చేసిన పనే, నాకు పంపండి. ఎవరైనా చెప్పారని హైడ్రోజన్ పెరాక్సైడ్ పూయకండి. ఎండకు పాలిపోయిన నీలాన్ని అది త్వరగా తేగలదు గానీ, క్షారానికి విడిపోయిన నీలాన్ని మళ్లీ కూర్చలేదు.

ఆకులతో, నా సొంత ఫోటోలతో చేసినవైతే కొత్త బట్ట మీద మళ్లీ చేసి ఇస్తాను. మీ దుస్తులతో చేసినవి కష్టం. ఆ బట్ట ఇంకొకటి లేదు. వాటిని కడిగి, మళ్లీ మందు పట్టించి, మీ నెగెటివ్ అదే చోట కూర్చి, రెండోసారి ఎండలో పెడతాను. నెగెటివ్‌లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పాత పసుపు ఛాయ కొంత కింద నుంచి కనిపించవచ్చు. అది వద్దనుకుంటే ముందే చెప్పండి, ముట్టుకోకుండా డబ్బుతో సహా తిరిగి పంపుతాను. దీనిలో మీ మాటే చివరి మాట.

సుద్ద కలపని అట్ట, టిష్యూ అమ్మే మరో చోటు దొరికింది. ధర ఎక్కువ. ఆ పెరిగిన ధర ఇప్పటికే ఆర్డరు ఇచ్చినవాళ్ల మీద వేయను. ఇకనుంచి కట్టలో పై షీటు ఒక్కటే కాదు, మధ్యలోవి, అడుగువి కూడా పరీక్షిస్తాను. ఆ పరీక్షకు వాడిన పట్టీని మీ పెట్టెలోనే పెట్టి పంపుతాను, మీరే చూసుకోవచ్చు. ముందు పాడైనవన్నీ బాగుచేశాకే కొత్త ఆర్డర్లు తెరుస్తాను. అందులోనూ దుస్తుల మీద చేసినవి మొదట, స్కార్ఫులు తర్వాత. పంపేటప్పుడు ఏ చొక్కా ఎవరిదో చీటీ మీద రాసి, కుట్టకుండా పిన్నుతో మాత్రమే పెట్టండి.