పాత ఆటకు రివైండ్ బటన్ అవసరమా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పాత వీడియో గేములను కొత్త యంత్రాల మీద మళ్లీ విడుదల చేస్తున్న తీరు గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. చిన్నప్పుడు సెలవులన్నీ ధారపోసి ఆడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ను చాలా ఏళ్ల తర్వాత ఈ మధ్య మొదటి నుంచి చివరి దాకా మళ్లీ ఆడాను. బొమ్మలు, సంగీతం, లెవెల్స్ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయితే నేను ఆడిన కొత్త కూర్పులో చేర్చిన రివైండ్ సౌకర్యం, అంటే బటన్ నొక్కి ఆటను కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకునే వీలు, ఆ ఆట స్వభావాన్నే మార్చేసిందని నా అభిప్రాయం.

తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ఈ ఆట 1985 సెప్టెంబరు 13న జపాన్‌లో నింటెండో వారి ఫామికామ్ యంత్రం కోసం విడుదలైంది. షిగెరు మియామొటో, తకాషి తెజుకా దీన్ని రూపొందించగా కోజి కొండో సంగీతం సమకూర్చారు. 8 ప్రపంచాలు, ఒక్కో ప్రపంచానికి 4 చొప్పున మొత్తం 32 లెవెల్స్. ఇదంతా 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఇవాళ ఫోన్‌తో తీసే మామూలు ఫొటో కూడా అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. చోటు అంత ఇరుకు కావడంతో ఆకాశంలోని మబ్బుకూ నేల మీది పొదకూ ఒకే బొమ్మను వాడి రంగు మాత్రం మార్చారు. ఆ పొదల మీదుగా లెక్కలేనన్నిసార్లు పరుగెత్తిన నాకు చిన్నతనంలో ఆ సంగతి తట్టనే లేదు. ఇప్పుడు ఒకసారి చూశాక ఆ మబ్బులు నాకు తెల్ల రంగు పూసిన పొదల్లాగే కనిపిస్తున్నాయి.

అంతకంటే ఆశ్చర్యపరిచింది మొదటి లెవెల్ ఆరంభం. మనం ఆడించే మారియో తెరకు ఎడమ పక్కన, కుడి వైపుకు తిరిగి నిలబడి ఉంటాడు. ముందంతా ఖాళీ నేల కాబట్టి ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రశ్నార్థకం వేసిన పెట్టె ఒకటి మెరుస్తుంటుంది, ఎదురుగా గూంబా అనే శత్రుజీవి నడుచుకుంటూ వస్తుంది. దూకడం తెలియకపోతే అక్కడే ఒక ప్రాణం పోతుంది, అయితే నడిచింది నాలుగడుగులే కనుక పెద్దగా బాధ ఉండదు. దూకడం తెలిశాక తల పెట్టెకు తగులుతుంది, లోపలి నుంచి పుట్టగొడుగు బయటికి వచ్చి కుడికి జారుతుంది, అక్కడున్న గొట్టానికి కొట్టుకుని తిరిగి మన మీదికే వస్తుంది. అప్పుడే గూంబాను చూసి బెదిరిన పిల్లవాడు దీన్ని కూడా తప్పించుకోవాలనే చూస్తాడు, కానీ పైన ఇటుకల వరస అడ్డుగా ఉండటంతో ఎగిరినా తల కొట్టుకుని చాలాసార్లు దాని మీదే పడతాడు, పడగానే మారియో పెద్దవాడవుతాడు. ఈ అమరికంతా ముందే ఆలోచించి చేసిందేనని మియామొటో తర్వాతి కాలంలో ఒక ఇంటర్వ్యూలో స్వయంగా వివరించారు. అదే లెవెల్ చివర్లో రెండు మెట్ల దిబ్బలు ఎదురెదురుగా వస్తాయి, వాటి నడుమ పడినా కింద నేల ఉంటుంది; కాస్త ముందుకు పోతే మళ్లీ అలాంటి దిబ్బలే, ఈసారి నడుమ గొయ్యి. ఒక్క అక్షరం చదివించకుండా సాధన చేయించి, ఆ తర్వాతే పరీక్ష పెట్టారన్నమాట.

ఆ ఆటలో తెర కుడికే జరుగుతుంది, ఎడమకు జరగదు. దాటివచ్చిన నాణెం కోసం వెనక్కి వెళ్దామంటే తెర అంచే గోడలా అడ్డుపడుతుంది. మొదట ఇచ్చేవి 3 ప్రాణాలు, 100 నాణేలు పోగైతే మరొకటి వస్తుంది, ఎక్కడి దాకా ఆడామో గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఏదీ లేదు. ప్రాణాలన్నీ అయిపోతే మళ్లీ మొదటి ప్రపంచమే గతి. (నిజానికి ఎ బటన్ నొక్కిపట్టి స్టార్ట్ నొక్కితే ఓడిపోయిన ప్రపంచం మొదటి లెవెల్ నుంచే కొనసాగించవచ్చని నాకు ఇప్పుడు తెలిసింది. అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని సెలవు రోజులు మిగిలేవో!) మొదటి లెవెల్‌లో గడియారం 400 నుంచి మొదలవుతుంది, అవి సెకన్లేనని మేమంతా నమ్మేవాళ్లం. ఆ అంకెలు సెకన్ల కంటే వేగంగా తరుగుతాయి, నిజానికి మనకు దొరికేది 2 నిమిషాల 40 సెకన్లే. 100 కంటే తగ్గగానే సంగీతం వేగం అందుకుంటుంది, ఆ వేగం విని చేతులు తడబడతాయి. వెనక్కి పోలేకపోవడం, తరిగిపోయే కాలం, పోతే రాని ప్రాణం, ఈ మూడింటి మీదే ఆట అంతా నిలబడి ఉంది.

మళ్లీ ఆడటం మొదలుపెట్టిన రోజు 1-2లో, అంటే మొదటి ప్రపంచం రెండో లెవెల్‌లో, పైకప్పు మీదుగా పరుగెత్తి రహస్య గొట్టాల గదికి చేరే దారి నాకు నోటితో చెప్పమంటే వచ్చేది కాదు, కానీ వేళ్లు మాత్రం ఎవరినీ అడగకుండా తీసుకుపోయాయి. అయితే కదిలే పలకల మీదికి దూకాల్సిన ప్రతిచోటా ఆలస్యమై పడిపోతూ వచ్చాను. వయసు మీద పడిందని రెండు రోజులు దిగులుపడ్డాక తెలిసింది, లోపం టీవీలో ఉంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే తెర మీద గీసేది. ఇప్పటి పలచటి టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దాక గానీ చూపించవు, ఆ జాప్యం సెకనులో చిన్న భాగమే అయినా సెకనుకు సుమారు 60 సార్లు తెర మారే ఇలాంటి ఆటకు అది చాలా ఎక్కువ. టీవీ సెట్టింగుల్లో ఆ జాప్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టాక నా వయసు కొంత తగ్గింది.

ఇక రివైండ్ సంగతి. మా అమ్మాయి నా పక్కన కూర్చుని అదే కూర్పును ఆడింది. 8-1లో, నడుమ సన్నటి దిమ్మె మీద కాలు మోపి మళ్లీ ఎగరాల్సిన పెద్ద గొయ్యి దగ్గర పదకొండుసార్లు పడింది, పదకొండుసార్లూ బటన్ నొక్కి గాలిలోకి తిరిగి వచ్చింది. గడియారం 100 దాటి వేగంగా మోగుతున్న సంగీతం కూడా దానితోపాటే వెనక్కి వెళ్లి, ఏమీ జరగనట్టు నెమ్మదిగా మోగడం మొదలుపెట్టింది. ఒక్క సాయంత్రంలో ఆట ముగించి, “నాన్నా, అయిపోయింది. ఇంతేనా?” అని అడిగింది. ఆ ప్రశ్నలో తప్పు లేదు. తను ఆడినంత వరకు అది నిజంగా అంతే.

రివైండ్ వద్దేవద్దని నేను అనను. చేతులు వణికేవారికీ, తీరిక లేనివారికీ అది మేలే చేస్తుంది. 8-3లో జంటగా నిలబడి సుత్తులు విసిరే తాబేళ్ల దగ్గర నేనూ రెండుసార్లు దాన్ని ఆశ్రయించాను, దాచడం దేనికి? నా అభ్యంతరం దాన్ని ఆట తొలి నిమిషం నుంచీ చేతికి అందించడం మీద. కావలసినవారు సెట్టింగుల్లోకి వెళ్లి తెరుచుకునేలా పెట్టి, మామూలుగా మొదలుపెడితే 1985లో ఎలా ఉందో అలాగే నడిచేలా ఉంచితే ఇద్దరికీ సరిపోతుంది. కొత్తగా తయారుచేసే ఆటల సంగతి వేరు: అంచు దాటాక కూడా లిప్తపాటు దూకనిచ్చే వెసులుబాటును 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ వంటివి పుట్టుకతోనే పెట్టుకున్నాయి, వాటి గోతుల కొలతలు దాన్ని లెక్కలోకి తీసుకునే వేసినవి. పాత ఆట గోతుల వెడల్పు నిర్ణయించినప్పుడు రివైండ్ ఎవరి ఊహలోనూ లేదు.

ఇది ఒక్క ఆటతో పోయే విషయం కూడా కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం తేల్చింది. అలాంటప్పుడు మళ్లీ విడుదలయ్యే కొద్ది ఆటలు ఏ రూపంలో వస్తే తర్వాతి తరం అదే అసలు రూపమనుకుంటుంది. అదే ఏడాది అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో మారియో సంగీతాన్ని చేర్చింది, ఒక వీడియో గేమ్ సంగీతానికి ఆ చోటు దక్కడం అదే తొలిసారి. ఆ బాణీలో పలికించడానికి కష్టమైన చోటు ఉంటే దాన్ని తేలిక చేసి భద్రపరచాలని ఎవరూ అనరు కదా.

మీ పత్రికలో పాత ఆటల కొత్త కూర్పుల గురించి రాసేటప్పుడు ధర, బొమ్మల నాణ్యతతోపాటు రెండు వివరాలు తప్పక ఇవ్వవలసిందిగా కోరుతున్నాను: అసలు రూపంలో ఆడుకునే వీలు ఉందా, రివైండ్ వంటి చేర్పులను పూర్తిగా ఆపివేయవచ్చా అన్నవి. నేను ఆడిన కూర్పులో ఆపే వీలు లేదని కొన్నాక గానీ తెలియలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు