కథలో హీరోకి అమ్మానాన్నలు ఎందుకు ఉండరు?

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్ విడిగా పంపిస్తున్నాం. ఈ నెల ఉత్తరం మాత్రం ఏడో తరగతి పిల్లలు రాస్తున్న కథల గురించి. మీ పిల్లలు వేరే తరగతిలో ఉన్నా దయచేసి చదవండి. ఏడాదో రెండేళ్లో గడిస్తే వాళ్లూ ఈ కథలు రాస్తారు.

ఈ టర్మ్‌లో ఏడో తరగతి వాళ్లు సాహసయాత్ర కథలు రాస్తున్నారు. ఎక్కడో దూరాన ఉన్న ఒక వస్తువు కోసమో, ఒక మనిషి కోసమో నలుగురైదుగురు కలిసి బయల్దేరతారు. దారిలో మాయలు, రాక్షసులు, దాటలేని నదులు. మనం జానపదం అనేవాళ్లం, పిల్లలు ఫాంటసీ అంటున్నారు. కథ మొదలుపెట్టే ముందు ఒక్కో పాత్రకీ ఒక పేజీ పూర్వకథ రాయమన్నాం. బయల్దేరక ముందు ఆ మనిషి ఎవరు, ఎక్కడ పెరిగాడు, ఏం చేసేవాడు అన్నది అందులో ఉండాలి.

ఆ పేజీలు ఇళ్లకు వెళ్లాక కొందరు నన్ను కలిశారు. అందరిదీ ఒకటే టెన్షన్. "మేడమ్, మావాడి కథలో హీరోకి అమ్మా నాన్నా ఇద్దరూ చనిపోయారు. మా పెంపకంలో ఏమైనా లోపం ఉందా?" అని అడుగుతూ ఒక తల్లి కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి పేజీలన్నీ ముందు వేసుకుని చదివాను. సగానికి పైగా హీరోలు అనాథలే. తల్లిదండ్రుల్ని కొందరు రాక్షసుడికి అప్పజెప్పారు, కొందరు వరదలో పోగొట్టారు. ఒక అమ్మాయి మాత్రం ఇద్దర్నీ శిలలుగా మార్చి, చివర్లో మళ్లీ మనుషుల్ని చేస్తానని పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది.

మీ పిల్లలు మిమ్మల్ని వద్దనుకోవడం లేదు. ఇంట్లో అమ్మ ఉంటే పన్నెండేళ్ల పిల్లాణ్ని చీకట్లో కొండ ఎక్కనివ్వదని వాళ్లకు బాగా తెలుసు. నాన్న ఉంటే "నువ్వు ఉండు, నేను వెళ్తాను" అంటాడు. హీరో గడప దాటితేనే కథ కదులుతుంది, ఆ గడప దగ్గర మీరు నిలబడి ఉంటారు. మిమ్మల్ని కథలోంచి తప్పించడం ఆ వయసు రచయితకి దొరికే సులువైన దారి.

పెద్ద రచయితలూ ఆ దారిన నడిచినవాళ్లే. 1954, 1955లలో మూడు భాగాలుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలో, మోసేవాళ్లకు ఆశపెట్టి లొంగదీసే మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లే ఫ్రోడోకి పన్నెండేళ్లప్పుడు తల్లీ తండ్రీ పడవ ప్రమాదంలో నదిలో మునిగి పోయారు. అతనితో నడిచే ఆరగార్న్ రెండేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, ప్రాణభయం వల్ల వేరే పేరుతో పెరిగాడు. తను ఏ వంశంవాడో ఇరవయ్యో ఏట గానీ అతనికి తెలియలేదు. 16వ శతాబ్దపు చైనా నవల 'పశ్చిమ యాత్ర'లో వానరవీరుడికైతే తల్లిదండ్రులే లేరు, రాతిలోంచి పుట్టాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్నగారు పోయారు. ఆ తర్వాత నేను నోటుపుస్తకాల్లో రాసుకున్న కథలన్నిటిలో హీరోకి నాన్న ఉండేవాడు. ప్రతి కథ మొదట్లో గుమ్మం దాకా వచ్చి సాగనంపేవాడు, చివర్లో అదే గుమ్మంలో ఉండేవాడు. కథలో ఎవరు పోయారో చూసి ఇంట్లో పరిస్థితి అంచనా వేయకూడదని నేను నమ్మడానికి ఇదే కారణం. అమ్మానాన్నలు ఇద్దరూ పక్కనే ఉన్నారన్న ధైర్యం ఉన్న పిల్లలే కథలో వాళ్లను తీసేసి చూడగలరు. అయితే, కథ బయట కూడా మీ బాబో పాపో దిగులుగా ఉంటే, తిండి, నిద్ర తగ్గితే, అది వేరే విషయం. ఆలస్యం చేయకుండా క్లాస్ టీచర్‌నో నన్నో కలవండి.

ఇక అనాథ హీరోల గురించి టీచర్‌గా నాకున్న ఇబ్బంది చెప్తాను. ఈ పేజీల్లో చాలావరకు తల్లిదండ్రులు పోవడంతోనే పూర్వకథ అయిపోతోంది. "రాక్షసుడు చంపేశాడు. వీడు పగ తీర్చుకుంటాడు." అంతే. తల్లిదండ్రులు పోయిన రోజుకీ బయల్దేరిన రోజుకీ మధ్య పదేళ్లున్నాయి కదా, ఆ పదేళ్లూ వాడికి అన్నం పెట్టింది ఎవరు? ఏ పని నేర్చుకున్నాడు? దేనికి భయపడేవాడు? యాత్రలో పనికొచ్చేది ఆ పదేళ్ల బతుకే.

ఇది పిల్లలకు చూపించడానికి ఫ్రోడో కంటే అతని వెంట వెళ్లిన శామ్ గురించే నేను ఎక్కువ చెప్పాను. శామ్ తోటమాలి, తోటమాలి కొడుకు. రాజవంశం లేదు, మంత్రదండం లేదు. తాడు తెచ్చుకోవడం మర్చిపోయానని దారిలో బాధపడతాడు, ఎందుకంటే తాళ్లు పేనే పని వాళ్ల చుట్టాల్లో ఉంది. వంటగిన్నెలు వీపున కట్టుకుని శత్రుదేశం దాకా మోస్తాడు. ఇక అడుగు పడని చోట బరువు తగ్గించుకోవడానికి వాటిని ఒక అగాధంలోకి విసిరేస్తాడు. అవి రాళ్లకు తగులుతూ పడుతున్న చప్పుడు అతని గుండెకు మరణఘంటలా వినిపిస్తుంది. ఆ భాగం చెప్తుంటే క్లాసులో చప్పుడు లేదు. శామ్ కాసేపు ఉంగరాన్ని మోయాల్సి వచ్చినప్పుడు అది అతనికీ ఆశ పెడుతుంది. ఆ బీడుదేశమంతా పూలతోట చేయగల వీరుడివి అవుతావని చూపిస్తుంది. నా చేతుల్తో చూసుకోగలిగేంత చిన్న తోట చాలు నాకు అనుకుంటాడు శామ్. రాజులు లొంగిపోయే చోట అతను నిలబడ్డాడంటే, ఆ బలం తోటపనిలోంచి వచ్చింది. తిరిగొచ్చాక నరికేసిన చెట్ల చోట మళ్లీ మొక్కలు నాటేదీ అతనే. ఆ నవల రాసిన టోల్కీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశాడు. అక్కడ తను చూసిన మామూలు సిపాయిలు, అధికారుల దగ్గర సహాయకులుగా ఉన్న జవాన్లే శామ్‌కి మూలమని, వాళ్లు తనకంటే ఎంతో గొప్పవాళ్లని ఆయనే చెప్పుకున్నాడు.

మన తెరమీది జానపద హీరోల్లో చాలామందికి ఇష్టమైన తోటరాముడు కూడా తోటమాలి కొడుకే. 1951 నాటి 'పాతాళభైరవి' మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుంటుంది, పిల్లలకి వాళ్లచేత ఆ కథ చెప్పించండి.

తర్వాత క్లాసులో ఎక్కువ చర్చ జరిగింది పాత పగల మీద. అదే నవలలో మరుగుజ్జు జాతివాడు గిమ్లీ, వనవాసుల రాకుమారుడు లెగొలాస్ ఒకే గుంపులో బయల్దేరతారు. గిమ్లీ తండ్రిని లెగొలాస్ తండ్రి ఒకప్పుడు చెరలో పెట్టించాడు. అంటే వాళ్లిద్దరి మధ్య ఉన్న వైరం వాళ్లు తెచ్చుకున్నది కాదు, తండ్రులు ఇచ్చింది. దారిలో ఎప్పటికో స్నేహితులవుతారు. నాకు నచ్చిన గుహలు చూడటానికి నువ్వు రా, నీకు నచ్చిన అడవి చూడటానికి నేను వస్తాను అని మాట ఇచ్చుకుంటారు. ఒక అబ్బాయి లేచి, "వాళ్ల నాన్నలకి ఈ సంగతి తెలిస్తే ఏమన్నారు టీచర్?" అని అడిగాడు. ఆ అబ్బాయి కథ అక్కడి నుంచే మొదలవుతోంది.

తప్పు చేసి వచ్చినవాళ్ల పూర్వకథలు పిల్లలు ఇంకా ఆసక్తిగా విన్నారు. 'పశ్చిమ యాత్ర'కు వెనక నిజమైన ప్రయాణం ఉంది. పాఠ్యపుస్తకంలో మీరూ చదివిన హుయాన్‌త్సాంగ్ 629లో బయల్దేరి, 645లో 657 గ్రంథాలతో చైనాకు తిరిగి వెళ్లాడు. నవలలో ఆయనకు తోడు వచ్చేవాళ్లంతా శిక్ష పడినవాళ్లే. వానరుడు స్వర్గం మీద తిరగబడి కొండ కింద 500 ఏళ్లు ఉన్నాడు. ఇసుక నదిలో ఉండేవాడు ఒకప్పుడు స్వర్గంలో సేనాని, విందులో ఒక గాజుపాత్ర పగలగొట్టినందుకు వెళ్లగొట్టారు. ఆయన ఎక్కే తెల్లగుర్రం నిజానికి ఒక డ్రాగన్ రాజు కొడుకు. తండ్రి మహల్లోని ముత్యాన్ని నిప్పంటించి పాడుచేస్తే, తండ్రే వెళ్లి ఫిర్యాదు చేశాడు. ఆ మాట దగ్గర పిల్లల ముఖాలు చూశాను. గ్లాసు పగిలినందుకు తిట్లు తిన్నవాళ్లు ఆ గదిలో చాలామందే ఉన్నారు. ఇలాంటి వాళ్లనే కలుపుకుని ఆ భిక్షువు 81 గండాలు దాటతాడు.

"పుట్టుకతోనే ఎంపికైనవాడు", "భుజం మీద మచ్చ ఉంది", "జ్యోతిష్యుడు ముందే చెప్పాడు" లాంటి పూర్వకథలు కూడా చాలానే వచ్చాయి. వాటిని కొట్టేయలేదు కానీ నాకు అవి బలహీనంగా అనిపిస్తాయి. అన్నీ ముందే రాసిపెట్టి ఉంటే, దారిలో ఆ పిల్లాడు చేయడానికి ఏం మిగిలింది?

అమ్మానాన్నల్ని చంపకుండా గడప దాటించే దారి కూడా ఉందని చూపించాం. బాలనాగమ్మ కథలో బాలవర్ధిరాజు మాయలమరాఠీ చెరలో ఉన్న తల్లిని వెతుక్కుంటూ వెళ్తాడు. గ్రీకుల 'ఒడిస్సీ'లో ఇరవై ఏళ్లుగా ఇంటికి రాని తండ్రి జాడ కోసం కొడుకు సముద్రం మీద బయల్దేరతాడు. తల్లిదండ్రులు బతికే ఉన్నారు, వాళ్ల కోసమే ప్రయాణం. ఈ రెండూ విన్నాక కొందరు పేజీలు తెచ్చుకుని మార్చుకున్నారు. మార్చమని మేం ఎవరినీ అడగలేదు.

ఒక మార్పు మాత్రం నన్ను ఆశ్చర్యపెట్టింది. మొదటిసారి పగ తప్ప ఏమీ లేని హీరోని రాసిన ఒక అబ్బాయి, రెండోసారి అతన్ని ధాన్యం గిడ్డంగిలో లెక్కలు రాసే కుర్రాణ్ని చేశాడు. కోటలోకి దొంగతనంగా దూరిన రాత్రి అందరూ ఆయుధాల కోసం వెతుకుతుంటే, ఇతను లెక్కల పుస్తకం తీసి చదువుతాడు. శత్రువు సైన్యానికి ఇంకా తొమ్మిది రోజుల తిండే ఉందని కనిపెడతాడు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, "మా నాన్న అకౌంట్స్ చేస్తారు కదా" అన్నాడు.

మీనుంచి నాకు కావలసింది ఇలాంటిదే. మీరు రోజంతా ఏం చేస్తారో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. "ఆఫీసు" అని రాస్తారు, "షాపు" అని రాస్తారు, అక్కడితో ఆగిపోతారు. ఈ వారం ఒక సాయంత్రం మీ పని గురించి వాళ్లకు చెప్పండి. చెయ్యి ఎక్కడ కాలుతుందో, ఏ చప్పుడు వింటే మెషిన్ పాడవబోతోందని తెలుస్తుందో, అబద్ధమాడే కస్టమర్‌ని ఎలా పట్టుకుంటారో, ఇంట్లో నలుగురి అవసరాలు ఒకేసారి ఎలా గుర్తుపెట్టుకుంటారో. నీతులు అక్కర్లేదు, పని చెప్తే చాలు. వాళ్లకు ఏం కావాలో వాళ్లే తీసుకుంటారు.

పేజీని మాత్రం మీరు దిద్దకండి. అక్షరదోషాలు మేం చూసుకుంటాం. "మమ్మల్ని ఎందుకు చంపావు?" అని నవ్వుతూ కూడా అడగకండి. అడిగితే తర్వాతి కథ మీకు చూపించరు. ఏదైనా అడగాలనిపిస్తే, హీరో సంచిలో ఏముంది, అందులో దేన్ని పారేయాల్సి వస్తే ఏడుస్తాడు అని అడగండి.

పేజీలు వచ్చే శుక్రవారం తిరిగి పంపండి. ఆ తర్వాత రెండు వారాలు లైబ్రరీ గోడ మీద ఉంటాయి, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు లోపలికి వచ్చి చదవండి. పేజీ కింద "ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారు?" అని ఒక గీత ఇచ్చాం. మీ అమ్మాయో అబ్బాయో దాన్ని ఖాళీగా వదిలేస్తే అలాగే వదిలేయండి. కథ పూర్తయ్యేదాకా ఆ గీత నింపుకోవడానికి వాళ్లకు టైమ్ ఉంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు