బల్లార్షా ఆయాసం పేషెంట్ల గ్రూప్‌కి: ఆదివారం ఫైళ్లతో రండి

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున 10 గంటలకు సంఘం హాల్లో కలుద్దాం. జాతీయ రిజిస్ట్రీకి (దేశంలోని రోగుల వివరాల పట్టికకి) పనికొచ్చేలా ఎవరి వివరాలు వాళ్లు ఫారంలో రాసుకోవాలి.

ఇదెందుకంటే, 2012లో మొదలైన ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీలో (ఐఎల్‌డీ అంటే ఊపిరితిత్తులు వాచి, మచ్చలు పడే జబ్బులు) 27 సెంటర్ల నుంచి 1,084 మంది వివరాలు చేరాయి. వాళ్లలో దాదాపు సగం మందికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (పీల్చిన దుమ్ము, బూజు పడక ఊపిరితిత్తులు వాచే జబ్బు) ఉందని, అందులోనూ చాలామంది ఎయిర్ కూలర్ గాలిలో ఉంటున్నవాళ్లేనని తెలిసింది. మన చంద్రపూర్ ఎండలకి కూలర్ లేని ఇల్లుందా చెప్పండి!

తేవాల్సినవి: స్పైరోమెట్రీ (ఊపిరి ఊదే పరీక్ష) రిపోర్ట్, ఎక్స్‌రే లేదా సీటీ, వాడే ఇన్‌హేలర్ (ఖాళీదైనా సరే, మందు పేరు దాని మీదే ఉంటుంది).

గనిలో ఏ పని, ఎన్నేళ్లు చేశారో గుర్తు చేసుకుని రండి. అమ్మలూ, అత్తలూ, బీడీ తాగలేదు కదా, మాకెందుకు అనుకోకండి. కట్టెల పొయ్యి పొగ వల్ల కూడా సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాల జబ్బు) వస్తుంది. మీ లెక్కే ఎక్కువగా తప్పిపోతోందని నా బాధ.

ముఖ్యంగా 14 అంకెల ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్). మనం ఒకసారి నాగ్‌పూర్, ఒకసారి మంచిర్యాల, ఇంకోసారి హైదరాబాద్ వెళ్తాం. ఒక చీటీ మరాఠీలో, ఇంకోటి ఇంగ్లిష్‌లో, పేరు తలోరకంగా. నంబర్ లేకపోతే ఒకే మనిషి ముగ్గురుగా లెక్కలోకి వస్తారు. లేనివాళ్లు ఆధార్, దానికి లింకైన ఫోన్ తెస్తే అక్కడే చేయిస్తాం.

మీ సంతకం లేకుండా ఏ వివరమూ బయటికి వెళ్లదు.

రిపోర్టుల ఫొటోలు గ్రూప్‌లో మాత్రం పెట్టకండి. నడవలేనివాళ్లు శనివారం సాయంత్రంలోగా నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఇంటికే వస్తాం.