పదమూడు దర్వాజాలల్ల మిగిలినవి రెండే

ఎడిటర్ గారికి నమస్తే,

మూడేండ్లు ఉద్యోగం మీద బీజింగ్‌ల ఉండి పోయినేడు హైదరాబాద్ వచ్చేసినం, ఇప్పుడు మలక్‌పేటల ఉంటున్నం. మొన్న ఆదివారం పిల్లలను స్కూటర్ మీద ఎక్కించుకొని మన పాతబస్తీ చుట్టూ ఒకప్పుడున్న కోటగోడల దబీర్‌పురా దర్వాజా చూపిద్దామని తీస్కపోతే మా చిన్నోడు చుట్టూ చూసి "డాడీ, మరి గోడ ఏది?" అన్నడు. ఆటోలు హారన్ కొడుతున్నయి, స్కూటర్ పక్కకు తీసుడే సరిపోయింది, జవాబు చెప్పలే.

వాడు అట్ల అడిగిండంటే కారణం ఉంది. చైనాల ఉన్నప్పుడు షియాన్ పోయినం. అందరు పోయేది పాత చక్రవర్తి సమాధి కోసం చేసిన మట్టి సైనికుల బొమ్మల కోసం, 1974ల రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డయి కదా అవి, మేం కూడా అందుకే పోయినం గానీ అక్కడ సైనికుల కన్నా జనం తలకాయలే ఎక్కువ కనపడ్డయి, అరగంటకే పిల్లలు ఆకలి అని మొదలుపెట్టిన్రు. మా ఇంట్ల ఇప్పటికీ మాట్లాడుకునేది ఆ ఊరి కోటగోడ ముచ్చటే. 1370లల మింగ్ రాజుల కాలంల కట్టింది, దగ్గరదగ్గర 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు కూడా అంతే ఉంటది, రెండు ఆర్టీసీ బస్సులు పక్కపక్కన ఆరాంగా పోతయి. పైన సైకిళ్ళు కిరాయికి ఇస్తరు. పాత ఇటుకల మీద తొక్కుతుంటే హ్యాండిల్ గడగడ వణికి చేతులు తిమ్మిరెక్కినయి, మా ఆవిడ సగంలనే దిగి నడిపించుకుంట వచ్చింది, చుట్టు పూర్తయ్యేసరికి రెండు గంటలు దాటింది. కింద కందకం పక్కన పార్కుల ముసలోళ్ళు రెండు తీగల వాయిద్యం ఏదో వాయించుకుంట గొంతెత్తి పాడుతున్నరు, ఎవరు వింటున్నరు ఏంది అన్న ఫికర్ లేదు. (అదే ఊర్ల మన దేశం నుంచి తీస్కపోయిన గ్రంథాల కోసం హుయాన్‌త్సాంగ్ 652ల కట్టించిన గోపురం కూడా ఉంది, మన ధాన్యకటకం దాకా వచ్చిపోయినాయనే, దాని గురించి మొదలుపెడితే ఇంకో లెటర్ అయితది.)

అట్లని చైనావోళ్ళు అన్నీ కాపాడుకున్నరని కాదు. బీజింగ్‌ల నేను రోజూ రెండో నంబర్ మెట్రో లైన్ ఎక్కి చావోయాంగ్‌మెన్ స్టేషన్‌ల దిగెటోణ్ణి. అదే లైన్‌ల షీజిమెన్, దోంగ్‌జిమెన్, ఫూచెంగ్‌మెన్, ఎటు చూసినా మెన్‌లే. మెన్ అంటే దర్వాజా అని తెల్వనీకి నాకు ఆరు నెలలు పట్టింది. పైకొచ్చి చూస్తే దర్వాజా లేదు ఏం లేదు, పెద్ద రోడ్డు, అద్దాల ఆఫీసులు. 1950, 60లల రాజధాని గోడను కూలగొట్టి ఆ జాగల మెట్రో, రింగ్ రోడ్డు వేసిన్రట, కొన్ని బురుజులు, కొంత గోడ ముక్క తప్ప మిగిలింది పేర్లే. ఆ రోజు స్టేషన్ బయట నిలబడితే నాకు మన హైదరాబాద్‌ల పేర్లే మిగిలిన దర్వాజాలు అలియాబాద్, యాకుత్‌పురా, ఫతే దర్వాజా (గోల్కొండది కాదు, పాతబస్తీది) యాదికొచ్చినయి. కండక్టర్ పిలిస్తే దిగుతం, దర్వాజా ఎక్కడ అని ఎవ్వరం అడగం.

మొఘల్ సుబేదార్ ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే మొదటి నిజాం పూర్తి చేసిన గోడ మనది, పదమూడు దర్వాజాలు. 1908 మూసీ వరదల కొంత కొట్టుకపోయింది, మిగిలింది మనమే రోడ్ల కోసం, ఇండ్ల కోసం మెల్లమెల్లగ తినేసినం. ఇప్పుడున్నవి పురానాపూల్, దబీర్‌పురా రెండే. మా నాయనమ్మ గౌలిపురల పుట్టింది, ఆమెకు "దర్వాజా అవతల" అంటే ఊరు బయట అన్నట్టే.

గోడ మళ్ళ కట్టమని అడుగుతలేను. ఉన్న రెండింటికి అతికిచ్చిన పోస్టర్లు గీకేసి, ఎప్పుడు కట్టిన్రో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల ఒక బోర్డు పెట్టమనుండ్రి, పోయిన పదకొండు జాగలల్ల తలా ఒక రాయి పాతినా చాలు. అంతకన్న ముందు గోడ ఏ గల్లీల నుంచి పోయేదో మీ పేపర్ల ఒక మ్యాప్ వేయుండ్రి సార్. అది దొరికితే ఒక ఆదివారం పొద్దుగాల్ల, ట్రాఫిక్ మొదలుగాకముందే, మావోణ్ణి తీస్కొని ఆ లైన్ మీద సైకిల్ తొక్కుదామనుకుంటున్న.

మీ పాత పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్