ఆదివారం సినిమా కబుర్లు: ‘ద ఫైనెస్ట్ అవర్స్’

మిత్రులారా, నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు బాలాజీ కాలనీలో, ఎప్పటి మేడ మీదే కలుద్దాం. 2016లో వచ్చిన ఈ సినిమా చూసే రండి.

కథ నిజంగా జరిగినదే. 1952 ఫిబ్రవరిలో మసాచుసెట్స్ తీరాన పెండిల్టన్ అనే చమురు నౌక తుపానుకు రెండు ముక్కలైంది. నలుగురు మనుషులు 36 అడుగుల పడవలో వెళ్లి 32 మందిని ఒడ్డుకు చేర్చారు.

ఇసుకమేట దగ్గర అలలు విరుచుకుపడి దిక్సూచి ఊడిపోయే ఘట్టం చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. ఒడ్డున ప్రేమకథను మాత్రం సాగదీశారు. నాయకుడికన్నా, సగం నౌకను తేల్చి ఉంచిన ఇంజినీరే నాకు నచ్చాడు. కాదనేవారు వాదనకు సిద్ధపడి రండి!

నచ్చినది ఒకటి, నచ్చనిది ఒకటి రాసి తెచ్చుకోండి. వచ్చేవారు శనివారం రాత్రిలోగా ఇక్కడ చెప్పాలి, బజ్జీలకు లెక్క కావాలి. పోయినసారి ఆలస్యంగా వచ్చినవారికి చట్నీ మాత్రమే మిగిలింది, గుర్తుంది కదా.