పాత ఆంప్ ఇస్తాను, స్పీకర్లు కావాలి

అందరికీ నమస్కారం. నా పాత సోనోడైన్ స్టీరియో ఆంప్లిఫైయర్ ఎక్స్‌ఛేంజ్‌కి పెడుతున్నాను. బదులుగా బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత కావాలి. ధరలో తేడా ఉంటే మాట్లాడుకుందాం. పవర్ సప్లై కెపాసిటర్లు మార్పించాను, హమ్ (గుయ్‌మనే చప్పుడు) లేదు. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర లీకయ్యే డీసీ 20 మిల్లీవోల్టులే, అంటే స్పీకర్లకు భయం లేదు, మీటర్ పెట్టి చూపిస్తాను. వాల్యూమ్ నాబ్ మాత్రం తిప్పేటప్పుడు కాస్త గరగరమంటోంది.

స్పీకర్లు ఇచ్చేవాళ్లు గ్రిల్ తీసి, కోన్ (ముందు కనిపించే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే అంచు దగ్గరగా ఫొటో పెట్టండి. పాత ఫోమ్ అయితే వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలిపోతుంది. అలా ఉన్నా పర్లేదు, రీఫోమ్ చేయించుకుంటాను, రేటు మాత్రం దానికి తగ్గట్టు చెప్పండి. రబ్బరు అంచయితే ఇంకా సంతోషం. కోన్‌ను మెల్లగా లోపలికి నొక్కితే గీరుకున్న చప్పుడొస్తోందా? అయితే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిపే తీగచుట్ట) లోపల రాసుకుంటున్నట్టే. అలాంటివి వద్దు.

ఇంకో మాట. అమెరికా నుంచి తెచ్చిన ఆంప్‌లు అమ్మేవాళ్లు అవి 120 వోల్టులవైతే ముందే చెప్పండి. జపాన్‌లో వాడేవి 100. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెడితే పొగే!

వినాలనుకునేవాళ్లు ఆదివారం మా ఇంటికి రండి. కొరియర్‌లో పంపను, బరువెక్కువ. సీడీలు మీవే తెచ్చుకోండి.