గ్రీన్‌లాండ్‌లో మనుషులు కూడా ఉన్నారు

సంపాదకులకు,

గ్రీన్‌లాండ్ గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. 2019లో ట్రంప్, డెన్మార్క్ కింద స్వయంపాలన ఉన్న ఆ దేశాన్ని కొంటానన్నప్పుడు అందరం నవ్వుకున్నాం. 2025లో మళ్లీ అదే మాట ఎత్తేసరికి నవ్వు ఆగిపోయింది. అప్పటి నుంచి మ్యాపులు వేశారు, అమెరికా స్థావరం గురించి రాశారు, మంచు కింద ఏ ఖనిజం ఎక్కడుందో చెప్పారు, చైనా రష్యాల లెక్కలు విప్పారు. బాగానే ఉంది. అయితే ఆ దేశంలో ఉన్న 57 వేలకు అటూ ఇటూ జనంలో ఒక్కరి గురించైనా నాలుగు వాక్యాలు రాసిన గుర్తు లేదు. ఎవరికి దక్కుతుందన్న చర్చే తప్ప, అది ఎవరిదన్న ప్రశ్న ఎక్కడా రాలేదు.

అందుకే ఒక మనిషి గురించి చెప్పాలని ఈ ఉత్తరం. పేరు హెన్రిక్ లుండ్. 1875లో గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన నానోర్తలిక్‌లో పుట్టాడు. రాజధాని నూక్‌లోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, చర్చిలో బోధకుడిగా మొదలై, తర్వాత పాస్టర్ అయ్యాడు. కొన్నేళ్లు తూర్పు తీరంలోని అమ్మస్సాలిక్‌లో పనిచేశాడు. ఆ రోజుల్లో పడమటి తీరం వాళ్లకు అది దాదాపు వేరే దేశం. పాటలు రాశాడు, బొమ్మలు వేశాడు. 1920లలో దక్షిణ గ్రీన్‌లాండ్ ప్రాంతీయ మండలిలో సభ్యుడిగా కూడా కూర్చున్నాడు. తమ్ముడు ఇసాక్ కూడా కవే. పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడుకుంటూ పెరిగిన మన క్రైస్తవ కుటుంబాల వాళ్లకు పాస్టరు కవి కావడం వింతేమీ కాదు. ఈ పాస్టరు రాసిన పాట మాత్రం చర్చి గడప దాటి దేశం మొత్తానికి జాతీయ గీతమైంది.

1912 నాటి పాట అది. యోనాథన్ పీటర్సన్ బాణీ కట్టాడు. అందులో దేశం బాగా ముసలిదైపోయిన తల్లి. తల నిండా నెరిసిన జుట్టు, అంటే ఆ మంచే. పిల్లల్ని ఎప్పుడూ ఒళ్లో పెట్టుకుని తన తీరంలో దొరికేది తినిపిస్తూ వచ్చిందట. అక్కడితో ఆగి ఉంటే దేశభక్తి గీతాల్లో మరొకటి అనుకునేవాణ్ని. ఇక్కడి నుంచి పాట మలుపు తిరుగుతుంది. ఈ తల్లి దగ్గర చిన్నపిల్లల్లా పెరిగాం, ఇక ముందుకు పోవాలి, ఎదిగిన జాతులు నడిచే దారిలో మనమూ నడవాలి అంటాడు. ఆ చరణంలోనే పత్రికల ప్రస్తావన వస్తుంది. పత్రికలు చెప్పే మాటలు ఆచరణలో ఎలా ఉంటాయో చూడాలని ఆత్రంగా ఉందంటాడు. జాతీయ గీతంలో వార్తాపత్రికలకు చోటిచ్చిన దేశం మరొకటి నాకు తెలియదు. సంపాదకులుగా మీకిది నచ్చుతుందనుకుంటాను. దాని వెనక కారణం ఉంది. నూక్‌లో 1861లోనే గ్రీన్‌లాండ్ భాషలో ‘అతువాగగ్లియుతిత్’ అనే పత్రిక మొదలైంది. లుండ్ పుట్టేనాటికే అది నడుస్తోంది. ‘మీరు చేతకానివాళ్లు కాదు, లేవండి’ అని చివరి చరణంలో తన వాళ్లను పిలిచిన కవి ఆ చదువరుల మధ్య పెరిగినవాడే.

ఇప్పుడు మీరు రాసే ఖనిజాల సంగతికి వస్తాను. లుండ్ చివరి రోజులు గడిపింది నర్సాక్ అనే చిన్న ఊళ్లో. 1948లో అక్కడే పోయాడు. భార్య మలేనెతో కలిసి ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. చుట్టూ గొర్రెల పెంపకం, ఊళ్లో గొర్రె మాంసం తయారుచేసే కేంద్రం, ఎదురుగా సముద్రపు పాయ, దాంట్లో తేలే మంచు దిబ్బలు. ఈ ఊరికి దగ్గర్లోనే ఉంది, మీ పట్టికల్లో తరచూ కనిపించే క్వానెఫ్యెల్డ్ కొండ. అరుదైన ఖనిజాలు, వాటితో పాటు యురేనియం ఉన్నది అందులోనే. లుండ్ పోయిన 9 ఏళ్లకు, 1957లో, సాక్షాత్తూ డెన్మార్క్ అణు శాస్త్రవేత్త నీల్స్ బోర్ ఆ యురేనియం చూడటానికి వచ్చాడు. జాతీయ గీతం రాసిన కవి ఇల్లూ, ప్రపంచమంతా కన్నేసిన కొండా ఒకే ఊరివన్న సంగతి మన తెలుగు వార్తల్లో నాకైతే కనపడలేదు.

ఆ కొండలో గని తవ్వాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది. పనులు వస్తాయని కొందరు, ఆ దుమ్ము గొర్రెల మేత మీద, నీళ్ల మీద పడితే ఊరే ఖాళీ అవుతుందని కొందరు. 2021 ఏప్రిల్ ఎన్నికలు చాలా వరకు దీని మీదే జరిగాయి. గనిని వ్యతిరేకించిన ఇనుయిట్ అతకతిగీట్ పార్టీ గెలిచింది. ఆ పార్టీ నాయకుడు మూటే ఎగెడే పెరిగింది కూడా నర్సాక్‌లోనే. ఆయన ప్రధాని అయ్యాక, అదే ఏడాది నవంబరులో యురేనియం తవ్వకాన్ని ఆపే చట్టం వచ్చింది. లుండ్ బతికి ఉంటే ఏ పక్షం ఉండేవాడో చెప్పడానికి నేనెవర్ని? ఉన్న వనరులన్నీ వాడుకుని ముందుకు పోదామని రాసినవాడు కదా, ఆయన పాటను రెండు పక్షాలూ పాడుకోవచ్చు. ఏ దారిన పోవాలన్నది వాళ్లు ఓటుతో తేల్చుకున్నారు. 2009 స్వయంపాలన చట్టం ప్రకారం, డెన్మార్క్ నుంచి విడిపోయే ప్రక్రియ మొదలుపెట్టే హక్కు కూడా వాళ్లదే. వాషింగ్టన్ ఏమంది, కోపెన్‌హేగెన్ ఏమంది అని రాసేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యమైనా పడాలి.

ఇలా రాయడం మన పత్రికలకు చేతకాక కాదు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు మీ విలేకరులు చెంచు పెంటలకు వెళ్లారు, అక్కడి వాళ్లను మాట్లాడించారు, ఫొటోలతో వేశారు. ఆ వార్తలు చదివాకే నాలాంటి వాళ్లకు ఆ అడవిలో ఎవరుంటారో తెలిసింది. గ్రీన్‌లాండ్‌కు విలేకరిని పంపమని అడగను, ఖర్చు నాకూ తెలుసు. ఏజెన్సీలు పంపే కాపీలో కూడా అక్కడి మనుషుల మాటలు ఉంటాయి. పేజీ పెట్టేటప్పుడు చోటు చాలక ముందు తీసేసేది అవే అని నా అనుమానం.

జూన్ 21 వాళ్ల జాతీయ దినం. ఆ రోజు లుండ్ పాట పాడతారు. ఈసారి ఆ తేదీన మీ అంతర్జాతీయ పేజీలో ఒక అర పేజీ వాళ్లకు ఇవ్వండి. పాట చరణాలన్నీ తెలుగులో వేయించండి, పక్కన నర్సాక్ ఫొటో ఒకటి. ఖనిజాల పట్టిక మర్నాడు వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, బొబ్బిలి